రంగం మామ్మ పేరేంటి?

పేర్లు రాయనని పెద్దమ్మకి మాటిచ్చాను కాబట్టి ఈ పోస్టులో మా వాళ్ళెవరి పేరూ ఉండదు, ముందే చెప్తున్నా. వంశవృక్షం గురించి పేర్లు లేకుండా రాయడమంటే కారం వేయకుండా ఆవకాయ పెట్టడమే, తెలుసు. కానీ పెద్దమ్మ ఈ మధ్య యూట్యూబ్‌లో సైబర్ మోసాల వీడియోలు తెగ చూస్తోంది, "తాత పేరు, పుట్టినూరు, ఇంటిపేరు అన్నీ నెట్‌లో పెట్టేసి చివర్న ఓటీపీ కూడా నువ్వే చెప్పెయ్యవే" అంది. నేను పనిచేసేది బ్యాంకులో. రోజూ కస్టమర్లకి నేను చెప్పే ముక్క నాకే చెప్పింది, ఇంకేం మాట్లాడతాను.

మొదలైంది మా మేనమామ అటక మీద నుంచి. సంక్రాంతికి సున్నాలేయిస్తూ సామాన్లు దింపితే ఒక కోర్టు కాయితం దొరికింది. మా తాతయ్య వాళ్ళ పెదనాన్న కొడుకులు 1960ల్లో వేసుకున్న పార్టిషన్ దావా తాలూకు కాపీ, దాని చివర ప్లీడరు గుమాస్తా గీసిన వంశవృక్షం. ఎంత నీటుగా గీశాడో, గీతలు స్కేలు పెట్టి, పేర్ల కింద నంబర్లు, పోయినవాళ్ళకి పక్కన "మృతి" అని. అయిదు తరాలు. నేను సంబరపడిపోయి ఫోటో తీసుకుని ఇంటికొచ్చి లెక్కేస్తే మొత్తం 31 పేర్లున్నాయి, అందులో ఆడవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరు కూడా ఎందుకున్నారంటే మగపిల్లలు లేక వాళ్ళకి వాటా వస్తుంది కాబట్టి! అంటే ఆ కాయితం దృష్టిలో పొలంలో వాటా ఉన్నవాళ్ళే మనుషులు. మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం వచ్చిందే 1986లో, దేశమంతా రావడానికి 2005 దాకా పట్టింది, మరి 1960ల గుమాస్తా ఏం చేస్తాడు పాపం, ఉన్న చట్టానికి బొమ్మ గీశాడు.

ఆ కాయితంలో మా తాతయ్య గడి ఉంది, దాని మీద వాళ్ళ నాన్న గడి ఉంది. వాళ్ళ అమ్మకి గడి లేదు. ఆవిడే రంగం మామ్మ.

రంగం అంటే రంగూన్. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ కాకినాడ, కోరంగి, తాళ్ళరేవు వైపు మా అమ్మమ్మల తరం "రంగం ఎళ్ళాడు" అనేవాళ్ళు, మనం ఇప్పుడు దుబాయ్ వెళ్ళాడు అన్నట్టే. కాకినాడ నుంచి, విశాఖ, భీమిలి, కళింగపట్నం నుంచి ఓడలుండేవి. అక్కడ రేవుల్లో మోతకి, బియ్యం మిల్లుల్లో, రిక్షాలు లాగడానికి మనవాళ్ళే. అక్కడి వాళ్ళు మన తెలుగువాళ్ళని "కోరంగీలు" అనేవాళ్ళు, కోరంగి రేవు పేరు మీద. రేవు ఎప్పుడో పూడిపోయింది, పేరు మాత్రం సముద్రం అవతల చాలాకాలం బతికింది. మా ముత్తాత అక్కడ ఒక మిల్లులో మేస్త్రీ, అంటే ఊళ్ళ నుంచి కూలీల్ని పోగేసి తీసుకెళ్ళే మనిషి. ఆయన అక్కడే పోయాడు. ఆయన భార్య 1942లో కొడుకుతో తిరిగొచ్చింది. అప్పట్నుంచి పోయేదాకా ఊరందరికీ రంగం మామ్మే. మిగిలిన పిల్లలు అక్కడే పోయారట, ఎంతమందో కూడా ఎవరూ కచ్చితంగా చెప్పలేదు.

నేను అందర్నీ అడిగా. అమ్మని అడిగితే "నాకు నాలుగేళ్ళప్పుడు పోయింది, నాకేం గుర్తుంటుందే" అంది. మావయ్య "రంగం మామ్మ అంటే రంగం మామ్మే, ఇంకో పేరుంటుందా" అన్నాడు, ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. 2015 పుష్కరాలప్పుడు రాజమండ్రి కోటిలింగాల రేవులో పిండాలు పెట్టడానికి కూర్చుంటే పంతులుగారు మూడు తరాల పేర్లు అడిగారట, తండ్రి, తాత, ముత్తాత గడగడా చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు, నాయనమ్మ దగ్గర ఆగిపోయాడు. వెనకాల క్యూలో జనం తోసుకుంటున్నారు. "పేరు తెలియకపోతే సంబంధం చెప్పండి బాబూ చాలు" అని పంతులుగారు కానిచ్చేశారట. ఇది చెప్తూ మావయ్య నవ్వాడు గానీ ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

పెద్దమ్మ అయితే ఆవిడతో పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉంది. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి గంటన్నర కూర్చోబెట్టా. ఆవిడ చుట్ట కాల్చేదని, అడ్డపొగ అని, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, అన్నంలో చేపల ఎండుపొడి లాంటిది ఏదో కలుపుకునేదని, పిల్లలు అల్లరి చేస్తే బర్మా మాటల్లో తిట్టేదని, అన్నీ చెప్పింది. పేరు మాత్రం "మేం మామ్మా అనేవాళ్ళం, నాన్న అమ్మా అనేవాడు, అమ్మ అత్తయ్యా అనేది, ఊళ్ళో వాళ్ళు రంగం మామ్మా అనేవాళ్ళు. ఇంక పేరెట్టి పిలిచేదెవరే" అంది. ఎంత సింపుల్‌గా చెప్పేసిందో చూడండి. మనిషిని పేరుతో పిలిచే హక్కున్న వాళ్ళు, తల్లి, తండ్రి, మొగుడు, అందరూ ముందే పోతే ఇంక ఆ పేరు ఎవరి నోట్లోనూ ఉండదు.

మీలో ఎవరైనా పెద్దవాళ్ళని అడిగి రాసుకోవాలనుకుంటే ఒక్కటి చెప్తా, సంవత్సరాలు అడక్కండి. "నీ పెళ్ళి ఏ సంవత్సరం" అంటే మొహం చిట్లిస్తారు. "53 వరదలప్పటికి నీకు పెళ్ళయిందా, 86 వరదలప్పుడు మనిల్లు పెంకుటిల్లా డాబానా, 96 తుఫానుకి తాతయ్య ఉన్నాడా" అని అడిగితే టకటకా చెప్తారు. పాత జాతకాలు ఉంటే ఇంకా మంచిది, కాకపోతే వాటిలో సంవత్సరం పేరే ఉంటుంది, అవి అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కదా. మా తాతయ్య జాతకంలో కాళయుక్తి నామ సంవత్సరం అని ఉంది, అంటే 1918 అవ్వాలి లేకపోతే 1858, లేకపోతే 1978. ఇక్కడ తేలిగ్గా తేలిపోయింది, మూడు తరాలు వెనక్కి వెళ్తే మాత్రం ఈ అరవై ఏళ్ళ తేడాతో తాతకీ మనవడికీ ఒకే పేరుండి తల బద్దలవుతుంది. ఆ జాతకంలో కూడా తండ్రి పేరు, తాత పేరు రాసి "వారి ధర్మపత్ని గర్భమందు" అని వదిలేశాడు సిద్ధాంతి గారు. గ్రహాలు తొమ్మిదింటి పేర్లూ రాశాడు మళ్ళీ.

సరే, ఇంట్లో దొరకలేదు, నెట్‌లో పడ్డా.

ఫ్యామిలీసెర్చ్ అని ఒక సైట్ ఉంది, అమెరికాలో యూటా రాష్ట్రంలో మోర్మన్ చర్చి వాళ్ళు నడుపుతారు, పూర్తిగా ఫ్రీ. ప్రపంచంలో ఎక్కడెక్కడి రిజిస్టర్లో మైక్రోఫిల్ములు తీసి పెట్టారు, మన హరిద్వార్ పండాల బహీలు కూడా. ఆ బహీల సంగతి మీరు వినే ఉంటారు, ఫలానా జిల్లా వాళ్ళు అంటే ఫలానా పండా దగ్గరికి వెళ్ళాలి, ఆయన పొడుగాటి పుస్తకం తీసి మీ తాత ఎప్పుడొచ్చాడో చెప్తాడు. కానీ ఉత్తరాది కుటుంబాలకి పనికొచ్చినంతగా మనకి పనికిరాదు, మనవాళ్ళు ఎక్కువ కాశీ, గయ వెళ్ళేవాళ్ళు. మావాళ్ళు గోదావరి దాటి పోలేదు, రంగం వెళ్ళడం తప్ప.

అందుకే రంగం వైపు వెతికా. ఇక్కడ నాకు ఒక సంగతి తెలిసి చాలాసేపు ఉసూరుమంది. దక్షిణాఫ్రికాలోని నాతాల్‌కి, ఫిజీకి, మారిషస్‌కి కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళ మనవలు ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ముత్తవ్వ పేరు వెతుక్కోగలరు. 1860లో మద్రాసు నుంచి డర్బన్ వెళ్ళిన మొదటి ఓడ ట్రూరో దగ్గర్నుంచి లిస్టులున్నాయి, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. ఫిజీ పాసుల్లో అయితే ఎత్తు, ఒంటిమీద మచ్చ కూడా రాశారు. అగ్రిమెంటు కూలీ కదా, పారిపోతే పట్టుకోవాలి, అందుకని అంత శ్రద్ధగా రాసుకున్నారు. బర్మాకి అలాంటిదేం లేదు. 1937 దాకా బర్మా కూడా ఇండియాలో ఒక ముక్కే, కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళడమంటే బెజవాడ వెళ్ళినట్టే, టికెట్టు కొని డెక్ మీద కూర్చోవడమే. పాసు లేదు, రిజిస్టర్లో పేరు లేదు. గొలుసు కట్టి తీసుకెళ్ళినోళ్ళ పేర్లు మిగిలాయి, తమంతట తాము వెళ్ళినోళ్ళవి పోయాయి. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

తిరిగొచ్చిన వాళ్ళ లిస్టులైనా ఉంటాయేమో అనుకున్నా. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు, మార్చి కల్లా ఊరు వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది, ఈ లోపల దొరికిన ఓడ ఎక్కినోళ్ళు ఎక్కారు, టికెట్టు దొరకనోళ్ళు లక్షలమంది అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, లేదా మణిపూర్ మీదుగా అస్సాంకి నడిచారు, దార్లో కలరాతో ఎంతమంది పోయారో. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ సైట్‌లో బర్మా కాందిశీకుల ఫైళ్ళు బోలెడున్నాయి, రాత్రి పదకొండింటికి పిల్లాడు పడుకున్నాక కూర్చుని రెండు నెలలు చదివా. నాకు కనపడిన లిస్టుల్లో పేర్లతో ఉన్నది ఎక్కువగా దొరలు, ఆంగ్లో ఇండియన్లు, ఆఫీసర్లు. కూలీలు ఒక అంకె. "ఫలానా తేదీన ఇంతమంది వచ్చారు" అని.

మా ఇంట్లో అయితే దీనిమీద పెద్ద గొడవ, మామ్మ ఓడలో వచ్చిందా నడిచి వచ్చిందా అని. మావయ్య నడిచే వచ్చింది అంటాడు, ఆ మాట చెప్పేటప్పుడు కాస్త ఛాతీ కూడా విరుచుకుంటాడు. పెద్దమ్మ ఓడ అంటుంది. ఇద్దరూ ఒప్పుకునే విషయం ఒక్కటే, ఆవిడ ఊరికి చేరిన కొద్ది రోజులకే కాకినాడ మీద జపాన్ బాంబు పడింది. అది చరిత్రలో ఉన్నదే, 1942 ఏప్రిల్ 6, విశాఖ మీదా కాకినాడ మీదా ఒకే రోజు. "బాంబు నన్ను ఎతుక్కుంటా ఈడిదాకా వొచ్చింది" అనేదట. సముద్రం దాటి బాంబుల నుంచి పారిపోయి వస్తే ఇంటి పక్కనే బాంబు, ఇంకెవరైనా అయితే ఏడుస్తారు, ఈవిడ జోకేసింది.

సెన్సస్ గురించి కూడా చాలామంది అడుగుతారు, అమెరికా వాళ్ళకి పాత సెన్సస్‌లో పేర్లతో సహా దొరుకుతాయి కదా మనకి ఎందుకు దొరకవు అని. మన దగ్గర ఇంటింటికీ తిరిగి రాసిన కాయితాలు ఎవరికీ చూపించరు, 1948 చట్టం ప్రకారం అవి రహస్యం, మనకొచ్చేవి లెక్కలు మాత్రమే. ఓటర్ల లిస్టు మీద ఆశ పెట్టుకున్నా. అక్కడ ఇంకో కథ. 1951-52లో మొదటి ఎన్నికలప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు లిస్టు నుంచి కొట్టేశారు, ఎందుకంటే వాళ్ళు తమ పేరు చెప్పకుండా "ఫలానా వాళ్ళ భార్య, ఫలానా వాడి తల్లి" అని రాయించుకున్నారు, పేరు లేకుండా ఓటివ్వడానికి వీల్లేదని అప్పటి ఎలక్షన్ కమిషనర్ సుకుమార్ సేన్ కచ్చితంగా ఉన్నారు. అది ఎక్కువగా ఉత్తరాదిన జరిగింది, మన వైపు అంత లేదు, కానీ చదువుతుంటే పెద్దమ్మ మాటే గుర్తొచ్చింది.

మా ఊరికి యానాం కూతవేటు దూరం. 1954 దాకా అక్కడ ఫ్రెంచి వాళ్ళ రాజ్యం, వాళ్ళ పద్ధతి ప్రకారం పుట్టుక, పెళ్ళి, చావు మునిసిపాలిటీ రిజిస్టర్లో రాయాలి, అందులో తల్లి పేరు కూడా రాయాల్సిందే. ఫ్రాన్స్‌లోని ఓవర్సీస్ ఆర్కైవ్స్ వాళ్ళు కొన్ని పాత రిజిస్టర్లు స్కాన్ చేసి నెట్‌లో కూడా పెట్టారు. మా బ్రాంచ్‌లో అటెండర్ది యానాం, "మీ ముత్తవ్వ కాస్త ఇటు జరిగి పుట్టుంటే పోయేదండి ఆయ్" అన్నాడు. నిజమే, మూడు మైళ్ళు ఇటు జరిగి పుడితే పేరు మిగిలేది. చర్చి కుటుంబాలకి కూడా ఈ సదుపాయం ఉంది, బాప్తిస్మం రిజిస్టర్లలో తల్లి పేరు రాస్తారు.

సాఫ్ట్‌వేర్ల గురించి రెండు ముక్కలు. వంశవృక్షం గీసుకోవడానికి నేను గ్రాంప్స్ వాడుతున్నా, ఫ్రీ, మన కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి పెద్దమ్మకి కూడా అభ్యంతరం లేదు. కాకపోతే వీటన్నిటికీ మన సంబంధాలు అర్థం కావు. మా నాన్న వైపు ఒకాయన సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు, చార్టు వేస్తే ఒకావిడ రెండు చోట్ల వస్తుంది, గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముగ్గులా తయారవుతుంది. ముగ్గే నయం, అందులో చుక్కలు లెక్కకి వస్తాయి. మేనత్త, పిన్ని, అత్తయ్య, పెద్దమ్మ అన్నీ ఆంటీలే దానికి. బావ, వేలువిడిచిన బావ, అన్నయ్య అందరూ కజిన్లే. దత్తత వెళ్ళిన వాళ్ళది ఇంకో తలనొప్పి, పుట్టింది ఒక గోత్రంలో, తద్దినాలు పెట్టేది ఇంకో గోత్రంలో. ఇవన్నీ నోట్స్‌లో తెలుగులో రాసుకుంటున్నా.

అసలు దారి చివరికి నా ఉద్యోగంలోంచే దొరికింది, అది నాకు తట్టడానికి ఏడాది పట్టింది, అదీ నా తెలివి. హౌసింగ్ లోన్, పంట లోన్ ఇచ్చేటప్పుడు మేం లింక్ డాక్యుమెంట్లు అడుగుతాం కదా, అంటే ఇప్పుడున్న ఓనరుకి ఆ స్థలం ఎవరి నుంచి వచ్చింది, వాళ్ళకి ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి వెనక్కి. పొలం కొన్నవాళ్ళు పాత ఒరిజినల్ దస్తావేజు కూడా తీసుకుని దాచుకుంటారు. అంటే మనవాళ్ళ కాయితాలు మన ఇంట్లో ఉండవు, మన పొలం కొన్నవాళ్ళ ఇంట్లో ఉంటాయి!

మా అమ్మమ్మ బతికున్నప్పుడు ఒక మాట అంటుండేది, "ముసలావిడ పసుపు కుంకుమ పొలం అమ్మేసింది, ఉంటే ఈపాటికి మనకి..." అని. పసుపు కుంకుమ కింద అంటే పెళ్ళప్పుడు పుట్టింటి వాళ్ళు ఆడపిల్లకి రాసిచ్చే పొలం. అత్తగారికీ కోడలికీ ఈ విషయంలోనే పడేది కాదట. ఎప్పుడూ సణుగుడు కిందే విన్నాం గానీ అందులో అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పొలం ఆవిడ పేరు మీద ఉంది అంటే, అమ్మింది అంటే, ఆవిడ పేరు రాసిన రిజిస్టర్డ్ దస్తావేజు ఒకటి ఉండి తీరాలి.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులకి రెండు ఇండెక్సులుంటాయి, ఒకటి మనుషుల పేర్లతో, ఇంకోటి ఊరు, సర్వే నంబరుతో. స్థిరాస్తి పుస్తకం ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, చట్టంలో ఉంది. పేరుతో వెతుకుదామంటే నాకు తెలీనిదే పేరు. నంబరుతో వెతుకుదామంటే ఆ పొలం ఉన్న ఊరు అప్పట్లో జమీందారీ గ్రామం, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ప్రభుత్వంలో కలిసి సర్వే సెటిల్‌మెంట్ జరిగితే కొత్త నంబర్లొచ్చాయి, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్లో (ఆ సర్వే తర్వాత రాసిన భూమి రిజిస్టర్) కనపడేది అప్పటికే కొన్నవాళ్ళ పేరు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు) 1983 ముందుకి వెళ్ళదు. పాత వాల్యూములు చూపించమంటే ఆఫీసులో ఒకాయన వేరే చోటికి తరలించాం అన్నాడు, ఇంకొకాయన ఇక్కడే ఉన్నాయి కానీ బీరువా తాళం లేదన్నాడు, మూడోసారి వెళ్తే ఇద్దరూ సెలవు. నా సెలవులు కూడా అయిపోయాయి. (తెలంగాణ వాళ్ళకి ఈ బాధ ఇంకో రకం, మా ఆడపడుచు వాళ్ళది మెదక్ వైపు, వాళ్ళ సేత్వార్, అంటే నిజాం కాలం నాటి సర్వే రికార్డు, ఉర్దూలో ఉంటే చదివించుకోవడానికి పాతబస్తీలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళారు. ఆ కథ ఆవిడనే రాయమన్నా.)

ఇంక లాభం లేదని ఒక ఆదివారం మావయ్యని బండెక్కించుకుని ఆ ఊరే వెళ్ళిపోయా. కాలవ గట్టు దగ్గర వడ్లు ఎగబోసుకుంటున్న ఒకాయన్ని ఆపి, ఇక్కడ పాతకాలంలో బర్మా నుంచి వచ్చినావిడ పొలం ఏదో ఉండేదట అని అడిగానో లేదో, "రంగం చెక్కా? అదుగోనండి, ఆ కొబ్బరిచెట్ల అవతల" అని చెయ్యి చూపించాడు. నాకు ఒళ్ళు జలదరించింది. డెబ్భై ఎనిమిదేళ్ళయింది అమ్మి. మా ఇంట్లో ఆవిడ పేరు మర్చిపోయాం, ఆ మట్టి మాత్రం ఆవిడ ఊసు మర్చిపోలేదు.

కొన్నవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. మంచి మనుషులే, మజ్జిగ ఇచ్చారు. నేను ఎవరో చెప్పి, పాత దస్తావేజు ఉంటే ఒకసారి చూపిస్తారా అని అడిగేసరికి గాలి మారిపోయింది. పెద్దాయన గ్లాసు కింద పెట్టి "ఏం, ఎందుకు?" అన్నాడు. లోపల్నుంచి కోడలు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కొడుకు ఫోన్ తీసి ఎవరికో చేస్తున్నాడు. అమ్మినోళ్ళ మనవరాలు వచ్చి పాత కాయితాలు అడుగుతోందంటే ఎవరైనా ఏమనుకుంటారు, పైగా బ్యాంకు ఉద్యోగి, పైగా పక్కన ఒక మగమనిషి. ఆడపిల్లల వాటా కేసులు ఎన్ని చూడట్లేదు ఊళ్ళో. "మాకు పొలం మీద ఏ ఆశా లేదండి, ఆవిడ పేరు కావాలి అంతే" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, పేరు కోసం యాభై కిలోమీటర్లు ఎవరైనా వస్తారా. మావయ్య అప్పుడు ఒక పని చేశాడు, పుష్కరాల్లో పేరు చెప్పలేకపోయిన సంగతి చెప్పాడు. మొత్తం చెప్పాడు, వెనకాల క్యూ తోసుకోవడం, పంతులుగారి మాట, అన్నీ. "2027లో మళ్ళీ పుష్కరాలండి, అప్పటికి నాకు డెబ్భై దాటుద్ది, ఈసారైనా పేరెట్టి పిలిచి పెట్టాలని ఉంది ఆయ్" అన్నాడు. పెద్దాయన కాసేపు ఆయన మొహం చూసి కోడలితో "ఆ నల్లపెట్టి తీసుకురామ్మా" అన్నాడు.

కాయితం చేతికివ్వలేదు, మంచం మీద పరిచి ఆయన ఒక అంచు, కొడుకు ఒక అంచు పట్టుకున్నారు. ఫోటో తీసుకోవడానికి ఒప్పుకున్నారు, అదీ సర్వే వివరాలున్న పేజీ వద్దన్నారు. జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాయితం, 1947 మే నెల, సర్వజిత్తు నామ సంవత్సరం. గొలుసుకట్టు రాత. చదవడానికి నాకు చేతకాక పెద్దాయనే చదివారు, ఆయనకి అలవాటు. ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్థులైన ఫలానా వారికి, రంగూన్ నగరమందు కాలధర్మమొందిన ఫలానా వారి భార్య, అని మా ముత్తాత పేరు చదివి, ఒక్క క్షణం ఆగి, ఆవిడ పేరు చదివారు. "నా తండ్రిగారు నాకు పసుపు కుంకుమల నిమిత్తము దఖలుపరచి నా స్వాధీనానుభవములో యున్న" అని పొలం సంగతి, కుటుంబ అవసరాల కోసం అమ్ముతున్నట్టు. ఏ అవసరమో లేదు, అన్ని దస్తావేజుల్లోనూ అదే ముక్క ఉంటుంది, రోజూ చదివేదాన్ని కదా. అమ్మమ్మ సణిగినట్టు దుబారా చేసిందో, నిజంగానే ఇంట్లో తిండికి లేదో, ఆ కాయితానికి తెలీదు. చివర్న సాక్షుల చేవ్రాళ్ళు, దస్తూరీ ఎవరిదో, వాటి పక్కన ఆవిడ నిశానీ, ఎడమ బొటనవేలి ముద్ర, దాని చుట్టూ ఆవిడ పేరు మళ్ళీ ఒకసారి.

బండి మీద వస్తున్నంతసేపూ మావయ్య ఆ పేరు నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు. నాకేమో ఇంకో రకంగా ఉంది, ఆ పేరు నేను ఇంతకుముందు ఎక్కడో విన్నా. వినడం కాదు, టైప్ చేశా. ఒకసారి కాదు, చాలాసార్లు. తాళ్ళరేవు దాటాక తట్టింది. బండి పక్కకి ఆపేశా.

ప్రతి నవంబర్‌లో మా బ్రాంచ్‌లో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు చేస్తాం. పెద్దనాన్న పోయాక పెద్దమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, ఆవిడది ఎప్పుడూ నేనే చేస్తా. ఆధార్ నంబరు కొట్టాక నేను టైప్ చేసే పేరు అదే. పుట్టినప్పట్నుంచి ఆవిణ్ణి అందరూ బేబీ అంటారు, మేం బేబీ పెద్దమ్మ అంటాం, ఆవిడ అసలు పేరు మాకు ఫారాల్లో తప్ప గుర్తే ఉండదు. మొదటి మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం మన ఇళ్ళల్లో మామూలేగా! తాతయ్య వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు. అమ్మమ్మ ఏమో అత్తగారి పేరు పెట్టి కూతుర్ని "ఒసే" అని ఎలా పిలుస్తుంది, పైగా ఇద్దరికీ పడదు, అందుకని బేబీ అంది, ఇల్లంతా బేబీ అంది, అసలు పేరు బడి రిజిస్టర్లో ఉండిపోయింది. ఏడాదిన్నర యూటా నుంచి ఢిల్లీ దాకా వెతికాను, నా ముందే కుర్చీలో కూర్చుని ఏటా వేలు పెట్టి వెళ్తోంది.

ఆ సాయంత్రమే కాకినాడ వెళ్ళి పెద్దమ్మకి చెప్పా. "నాకు మామ్మ పేరు పెట్టారా?" అంది. "నాన్న పెట్టిన పేరు అని తెలుసు. ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఎవరూ చెప్పలేదు. ఆ పేరుతో బళ్ళో మేష్టారు తప్ప నన్నెవరూ పిలవలా." ఫోన్‌లో ఫోటో చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని పెద్దది చేసి బొటనవేలి ముద్ర దగ్గర ఆగిపోయింది. గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయో. "నాకు చూడు, మీ మిషన్లో ఒక్కసారి పడదు" అని తన వేలు చూపించింది. నిజమే, పెద్దవాళ్ళకి గీతలు అరిగిపోయి బయోమెట్రిక్ పడదు, పోయిన నవంబర్‌లో పది వేళ్ళూ ప్రయత్నించి చివరికి మొహం స్కాన్ చేశాం.

ఆ ఫోటో అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను కాఫీ పెట్టుకొచ్చేసరికి కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చునుంది.

"ఎన్ని సెంట్లే అది?"

"ఎనభై."

"కాలవ పక్కనేనా? ఇప్పుడక్కడ సెంటు ఎంతుంది?"